దూరపు దారికి చిన్న బండి

జమ్మలమడుగు నుండి గండికోటకు దారి పట్టుమని పదిహేను కిలోమీటర్లు. తారు రోడ్డు మీద సాగితే అరగంటలో చేరవచ్చు. కాని ఆ రోడ్డు వీడి పక్కదారి పట్టినవానికి మన నేల మూడు పరీక్షలు పెడుతుంది. మొదటిది నల్లరేగడి. వేసవిలో నెర్రెలు విచ్చి గట్టిపడే ఆ నేల, ఒక్క వాన పడగానే జిగటై చక్రాలను చుట్టుకొంటుంది. రెండవది పెన్న ఒడ్డున ఉన్న ఇసుక. అడుగు పెట్టినంతలో కుంగిపోవడం దాని స్వభావం. మూడవది ఎర్రమల కొండల రాతినేల. అక్కడ చక్రం కూరుకుపోదు గాని, బండి అడుగుభాగం రాతికి తగిలి దెబ్బతింటుంది. ఈ మూడింటినీ దాటగల బండి దేశంలో ఏ మూలకైనా వెళ్ళగలదని మనవాళ్ళు అనుకోవడంలో తప్పులేదు.

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే చిన్న వాహనాన్ని సిద్ధం చేసుకొని వేల కిలోమీటర్లు పయనించాలన్న ఉత్సాహం నేడు యువకులలో విస్తారంగా కనిపిస్తున్నది. ఉత్సాహం మంచిదే. అయితే సన్నాహమంటే బండికి ఏవేవో తగిలించడమే అనే భ్రమ కూడా దానితోపాటు వ్యాపిస్తున్నది. బండికి ఏమి చేర్చాలి, ఏమి చేర్చకూడదు, ఎందువల్ల అన్న మూడు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ పాఠం ఉద్దేశం.

యాత్రికులు నేర్పిన పాఠం

దూరప్రయాణానికి సన్నాహమన్నది తెలుగువారికి కొత్త విషయం కాదు. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరాడు. దాదాపు నూరుమంది పరివారంతో, పల్లకీలో సాగిన ఆ యాత్ర కడప మీదుగా నడిచింది. ఆయన రచించిన ‘కాశీయాత్ర చరిత్ర’లో పుణ్యక్షేత్రాల వర్ణన ఎంత ఉందో, దారి ఎటువంటిది, నీరు దొరుకుతుందా, దిగడానికి చోటు ఉందా, సరుకులు లభిస్తాయా అన్న వివరాలూ అంత శ్రద్ధగా ఉన్నాయి. ఎక్కడ ఏది దొరుకుతుందో తెలిసినవాడు అన్నింటినీ మోసుకుపోనక్కరలేదు. యాత్రా సన్నాహానికి ఇదే తొలిసూత్రం.

మోటారు వాహనంపై తొలి దూరప్రయాణం చేసినది ఒక స్త్రీ. మోటారు కారు నిర్మాత కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ 1888 ఆగస్టులో తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, జర్మనీలోని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించింది. దారిలో ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకొనే సూదితో శుభ్రం చేసుకున్నది. ఒక మందుల అంగడిలో ఇంధనం కొన్నది. బ్రేకు దిమ్మెలు అరిగిపోతే చెప్పులు కుట్టేవానితో తోలుముక్కలు కొట్టించుకున్నది. ఎత్తైన దారిలో బండి ఎక్కలేనప్పుడు పిల్లలు దిగి నెట్టవలసివచ్చింది. తిరిగివచ్చిన తరవాత, కొండదారుల కోసం మరొక చిన్న గేరు కావాలని ఆమె భర్తకు సూచించింది.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. ఆమె ప్రయాణానికి ముందు ఊహించి ఏ మార్పూ చేయలేదు. దారి చూపిన లోపాన్ని బట్టి మార్పు కోరింది. అవసరం ముందు, మార్పు వెనుక. ఈ వరుస తారుమారైతే ధనవ్యయమూ, ప్రమాదమూ మాత్రమే మిగులుతాయి.

మీ వంటి విద్యార్థుల ఉదాహరణ కూడా ఒకటి ఉంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలకు చెందిన ఆరుగురు విద్యార్థులు 1955లో రెండు ల్యాండ్ రోవర్ బండ్లలో లండన్ నుండి బయలుదేరి, 1956లో సింగపూర్ చేరారు. ఎడారులను, కొండలను, బర్మా అడవులను దాటిన ఆ యాత్రలో వారికి తోడ్పడినది బండి బలం మాత్రమే కాదు. ఎవరి పని ఏదో ముందుగా పంచుకోవడం, ఏ వస్తువు ఎందుకో తెలిసి తీసుకుపోవడం కూడా అంతగానూ తోడ్పడ్డాయి.

చిన్న బండి స్వరూపం

జపానుకు చెందిన సుజుకి సంస్థ 1970లో జిమ్నీ అనే చిన్న వాహనాన్ని విపణిలోకి తెచ్చింది. దాని ఇంజను సామర్థ్యం 359 సి.సి. మాత్రమే. ఆ వంశానికి చెందినదే మన దేశంలో 1985లో వచ్చిన మారుతి జిప్సీ. సైన్యంలో, పోలీసు శాఖలో, హిమాలయ ప్రాంతపు కారు పందేలలో అది పేరు గడించింది. 2023 జూన్‌లో అయిదు తలుపుల జిమ్నీ మన దేశంలో విడుదలయింది. మన చర్చకు దీనినే ఉదాహరణగా తీసుకుందాం.

ఇటువంటి బండికి నాలుగు లక్షణాలు ప్రధానం. మొదటిది నిచ్చెన ఆకారంలో ఉండే ఉక్కు చట్రం. నేల ఎగుడుదిగుడుల వల్ల పుట్టే మెలికను ఇది భరిస్తుంది. రెండవది ఎడమ కుడి చక్రాలను కలిపే గట్టి ఇరుసు. ఒక చక్రం రాయి ఎక్కి పైకి లేస్తే రెండవది కిందికి ఒత్తుకొని నేలను పట్టుకొంటుంది. ఎద్దులబండి ఇరుసును చూసినవారికి ఈ సంగతి వెంటనే బోధపడుతుంది. మూడవది ట్రాన్స్‌ఫర్ కేసు అనే పెట్టె. ఇది ఇంజను శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచుతుంది. ఇందులోనే తక్కువ వేగానికి, ఎక్కువ లాగుడుకు పనికివచ్చే ‘లో రేంజి’ గేరు ఉంటుంది. బెర్తా బెంజ్ కోరిన చిన్న గేరు అవసరమే ఇక్కడ మరొక రూపంలో తీరిందని చెప్పవచ్చు. నాలుగవది నేలకూ బండి అడుగుభాగానికీ నడుమ ఉండే ఎడం. జిమ్నీలో అది 210 మిల్లీమీటర్లు.

ఈ సౌకర్యాన్ని వాడుకోవడంలో ఒక హెచ్చరిక అవసరం. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనుక చక్రాలు ఒకే దూరం నడవవు. ఇటువంటి బండ్లలో నాలుగు చక్రాలకూ శక్తి ఇచ్చినప్పుడు రెండు ఇరుసులూ గట్టిగా ముడిపడి ఉంటాయి. ఇసుకలోను, బురదలోను చక్రం కొంత జారి ఆ తేడాను సర్దుకొంటుంది. పొడిగా ఉన్న తారు రోడ్డు మీద జారే వీలు లేదు. అందుచేత ఒత్తిడి గేర్లపై పడి అవి చెడిపోతాయి. కాబట్టి మంచి రోడ్డుపై రెండు చక్రాల నడకే శ్రేయస్కరం.

బరువు లెక్క

మార్పులన్నింటికీ మూలమైన ప్రశ్న బరువు. జిమ్నీ స్వంత బరువు సుమారు 1,200 కిలోలు. మనుషులు, సామగ్రి అన్నీ కలిపి ఆ బండి మోయదగిన మొత్తం బరువు 1,545 కిలోలు. అంటే మన చేతిలో ఉన్నది దాదాపు 345 కిలోలు. ఇది ఎంత త్వరగా కరిగిపోతుందో చూడండి.

ఇద్దరు మనుషులు 130 కిలోలు. నలభై లీటర్ల నీరు 40 కిలోలు. ఇరవై లీటర్ల పెట్రోలు, దాని డబ్బా కలిపి 20 కిలోలు. పనిముట్లు, అదనపు బ్యాటరీ 30 కిలోలు. తిండి, బట్టలు, పొయ్యి, పరుపులు 40 కిలోలు. ఇంతవరకు 260 కిలోలు అయింది. ఇంకా 85 కిలోలు మిగిలి ఉన్నాయి. ఇప్పుడు బండి పైకప్పు మీద బిగించే గుడారం, దాని కింద ఇనుప చట్రం కలిపి 80 కిలోలు అనుకుందాం. ముందువైపు ఉక్కు బంపరు, బండిని లాగే వించి యంత్రం కలిపి 70 కిలోలు అనుకుందాం. మొత్తం 410 కిలోలవుతుంది. పరిమితిని 65 కిలోలు మించిపోయాము.

ఈ అదనపు భారం వల్ల బ్రేకు వేసినప్పుడు బండి ఆలస్యంగా నిలుస్తుంది. స్ప్రింగులు కుంగుతాయి. టైర్లు వేడెక్కి పగిలే ప్రమాదం ఏర్పడుతుంది. రాయలసీమ ఎండలో ఈ ప్రమాదం రెట్టింపని వేరే చెప్పనక్కరలేదు. అదే గుడారాన్ని అయిదారు కిలోల నేల గుడారంతో సరిపెట్టుకొంటే, వించికి బదులుగా ఒక పార, మంచి పట్టీ ఉంచుకొంటే లెక్క పరిమితిలోనే నిలుస్తుంది.

బరువు ఎంత అన్నదానితోపాటు ఎక్కడ అన్నదీ ముఖ్యమే. చొప్ప ఎత్తుగా వేసిన బండి మలుపులో ఒరగడం మీరు చూసే ఉంటారు. గురుత్వకేంద్రం పైకి పోయినకొద్దీ వాహనం తిరగబడే అవకాశం పెరుగుతుంది. జిమ్నీ వంటివి సహజంగానే వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ గల బండ్లు. కనుక బరువైన వస్తువులను అడుగున, రెండు ఇరుసుల నడుమ ఉంచాలి. పైకప్పు మీద తేలికైనవే ఉండాలి. పైకప్పు ఎంత మోయగలదో తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూసి తెలుసుకోవాలి.

లోపలి సామానును పట్టీలతో కట్టివేయడం మరొక తప్పనిసరి పని. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేనినో ఢీకొని ఆగితే, లోపల వదులుగా ఉన్న పెట్టె అదే వేగంతో ముందుకు దూసుకువస్తుంది. భౌతికశాస్త్రంలో చదివిన సూత్రంతో లెక్కిస్తే, ఆ వేగం పద్నాలుగు మీటర్ల ఎత్తునుండి పడిన వస్తువు వేగానికి సమానం. నాలుగంతస్తుల మేడపై నుండి నీటి డబ్బా తలపై పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

టైర్లు, స్ప్రింగులు

పెట్టదలచిన ధనం పరిమితమైనప్పుడు మొదటి స్థానం టైర్లకే ఇవ్వాలి. నేలను తాకే భాగం అదొక్కటే. రోడ్డుకూ మట్టిదారికీ రెండింటికీ అనువైన లోతైన గాళ్ళు, గట్టి పక్కలు గల టైర్లు మేలు. అయితే పెద్ద టైరు వేస్తే అన్నీ తీరుతాయనుకోవడం పొరపాటు. జిమ్నీకి వచ్చే టైరు వ్యాసం సుమారు 693 మిల్లీమీటర్లు. దానికి బదులు 733 మిల్లీమీటర్ల టైరు వేశామనుకుందాం. వ్యాసం 40 పెరిగినా, బండి నేలనుండి లేచేది అందులో సగం, 20 మిల్లీమీటర్లే. కాని వేగసూచిక 80 చూపినప్పుడు నిజమైన వేగం 85కు చేరువగా ఉంటుంది. ఇంజను లాగుడు తగ్గుతుంది. చక్రం తిరిగేటప్పుడు అంచులకు రాసుకొంటుంది. పొందినదాని కన్న పోగొట్టుకొన్నది ఎక్కువ.

టైరులోని గాలి కూడా ఒక సాధనమే. ఇసుకలో దిగవలసివచ్చినప్పుడు గాలిని కొంత తగ్గిస్తే టైరు నేలను తాకే భాగం పొడవవుతుంది. బరువు ఎక్కువ చోటుకు పరచుకొని చక్రం కుంగదు. ఒంటె పాదం ఇసుకలో దిగబడకపోవడానికి కారణం ఇదే. కాని గట్టి రోడ్డు చేరగానే మళ్ళీ గాలి నింపకపోతే టైరు వేడెక్కి చెడుతుంది. కనుక బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు, గాలి కొలిచే సాధనం వెంట ఉండాలి. వీటి బరువు నాలుగైదు కిలోలకు మించదు. ప్రయోజనమో అపారం.

బండిని పైకి లేపే పొడవు స్ప్రింగులు చాలామందిని ఆకర్షిస్తాయి. ఎత్తు పెరిగితే రాళ్ళు తగలవన్నది నిజమే. కాని గురుత్వకేంద్రం కూడా దానితోపాటే పైకి పోతుంది. ముందు ఇరుసు కోణం మారి స్టీరింగు నిలకడ తప్పుతుంది. నిత్యం బరువు మోసే బండికి కావలసింది ఎత్తు కాదు, ఆ బరువుకు తగిన బలం గల స్ప్రింగులు, వాటికి సరిపడే షాక్ అబ్జార్బర్లు.

చిక్కుకున్నప్పుడు

ఎంత జాగ్రత్తపడినా బండి ఎక్కడో ఒకచోట దిగబడక మానదు. నల్లరేగడిలో చక్రం తిరుగుతూ ఉంటే ఇంకా లోతుకు పోతుందే గాని పైకి రాదు. వెంటనే ఆపి దిగి చూడాలి. చక్రాల ముందున్న మట్టిని పారతో తీసి, కింద కందికట్టె గాని, గోనెసంచులు గాని పరిచి మెల్లగా కదిలించాలి. ఇది మన రైతులు తరతరాలుగా ఎరిగిన ఉపాయం. అంగళ్ళలో అమ్మే ప్లాస్టిక్ పలకలు చేసే పని కూడా ఇదే.

దారినపోయే ట్రాక్టరుతో లాగించుకోవడం పల్లెల్లో సాధారణం. ఇక్కడే ప్రాణాపాయం పొంచి ఉంది. గొలుసునో మోకునో బంపరుకు కట్టి ఒక్క ఉదుటున లాగితే, తెగిన కొన గాని, ఊడిన ఇనుపముక్క గాని తుపాకి గుండు వలె దూసుకువస్తుంది. చట్రానికి బిగించిన కొక్కేలకే, ఆ బండి బరువుకు తగిన పట్టీనే కట్టాలి. లాగేటప్పుడు రెండు బండ్ల నడుమ గాని, పట్టీ సాగే దిశలో గాని ఎవ్వరూ నిలువరాదు. ఈ ఒక్క నియమాన్ని పాటించడానికి ఖర్చేమీ లేదు.

లోతైన నీటిలోకి దింపడం మరొక ప్రమాదం. ఇంజను గాలితోపాటు నీటిని పీల్చుకొంటే, నీరు గాలివలె సంకోచించదు కనుక లోపలి భాగాలు వంగి విరుగుతాయి. గాలిగొట్టాన్ని పైకప్పు దాకా పెంచుకొన్నంత మాత్రాన బండి పడవ కాదు. ప్రవాహం బండిని పక్కకు తోసుకుపోగలదు. వాగు పారుతున్నప్పుడు ఆగడమే విజ్ఞత.

విద్యుత్తు, నీరు, ఇంధనం

రాత్రిపూట దీపాలు, చిన్న శీతలపేటిక నడపాలనుకొనేవారు ముందుగా ఒక లెక్క వేసుకోవాలి. నాలుగు ఆంపియర్లు తీసుకొనే సాధనం పన్నెండు గంటలు నడిస్తే 48 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. చిన్న కార్ల బ్యాటరీ మొత్తం నిల్వే అంత ఉండదు. తెల్లవారేసరికి ఇంజను కదలదు. అందుచేత వీటికోసం రెండవ బ్యాటరీ వేరుగా ఉండాలి. ప్రతి తీగకూ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. అతుకుల తీగలు రాపిడికి ఒలిచిపోయి మంటలు పుట్టిన సందర్భాలు తక్కువేమీ కాదు.

జిమ్నీ ఇంధనపు తొట్టి 40 లీటర్లు. బరువుతో, మట్టిదారిలో లీటరుకు పది కిలోమీటర్లు వచ్చినా 400 కిలోమీటర్లు సాగుతుంది. నాలుగవ వంతు ఆపదకు మిగిల్చి, 300 కిలోమీటర్లకు ఒకసారి నింపుకొంటే చాలు. మన దేశంలో అధికభాగం దారులకు ఇది సరిపోతుంది. అదనపు డబ్బా అవసరమయ్యేది లద్దాఖ్ వంటి చోట్ల మాత్రమే. అది కూడా ఇంధనం కోసమే చేసిన గట్టి డబ్బాగా ఉండాలి. నీటి విషయంలో మాత్రం పొదుపు లెక్క పనికిరాదు. ఎండాకాలంలో నీరు అధికంగా ఉంచుకొన్నవాడే వివేకి. మన ప్రాంతపు దుమ్ముదారులలో ఇంజను గాలివడపోతను తరచుగా తీసి శుభ్రపరచడం కూడా మరవరాదు.

చట్టం ఏమంటుంది

బండి మనదే అయినా రోడ్డు అందరిదీ. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్నే దృఢపరచింది. 2019 నాటి సవరణ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకు అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, రెండూ గాని విధించవచ్చు. ముందువైపు ఇనుప కడ్డీల చట్రాలు బిగించడం చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు తెలియజేసింది. పాదచారులకు అవి ప్రాణాంతకాలు. పైగా ప్రమాదవేళ గాలిసంచులు సకాలంలో విచ్చుకోకుండా అడ్డుపడవచ్చు. కనుక ఏ మార్పు తలపెట్టినా ముందుగా రవాణా కార్యాలయంలో విచారించడం, బీమా సంస్థకు తెలపడం ఉత్తమం. లైసెన్సు లేనివానికి ఈ చర్చ అంతా వట్టిదేనని వేరుగా చెప్పాలా?

తొలి పరీక్ష ఇంటి దగ్గరే

సన్నాహం పూర్తయిన తరవాత నేరుగా హిమాలయాలకు బయలుదేరరాదు. తీసుకుపోదలచిన సామానంతా ఎక్కించి, ముందుగా వేబ్రిడ్జి మీద తూకం వేయించాలి. ఆపైన జమ్మలమడుగు నుండి గండికోటకు, అక్కడినుండి ముద్దనూరు మీదుగా పులివెందులకు ఒక రోజు తిరిగి రావాలి. ఆ రాత్రి గుడారంలోనే పడుకోవాలి. ఏ పెట్టె గలగలలాడింది, ఏ నట్టు వదులయింది, ఏ వస్తువును ఒక్కసారి కూడా ముట్టలేదు అన్నవి రాసుకోవాలి. ముట్టని వస్తువును దించివేయాలి. మందుల పెట్టె, స్టెప్నీ, మంట ఆర్పే సాధనం మాత్రం ముట్టకపోయినా ఉండవలసినవే. పొలాలలోను, అడవిలోను ఉన్న దారి వీడి బండి తోలరాదు. రైతు చాలును, మృగాల నెలవును తొక్కి సాధించే యాత్రకు గౌరవం లేదు.

వీరాస్వామయ్య వెంట నూరుమంది ఉన్నారు. నేటి యాత్రికుని వెంట 345 కిలోల అవకాశం మాత్రమే ఉంది. కాలం మారినా ప్రశ్న మారలేదు. ఏది వెంట రావాలి, ఏది ఇంట ఉండాలి? ఈ ప్రశ్నకు నిజాయితీగా సమాధానం చెప్పుకొన్నవాని బండి చిన్నదైనా దూరం పోతుంది. అంతకన్న ముఖ్యంగా, క్షేమంగా తిరిగివస్తుంది. ఇంట్లో ఎదురుచూసేవారికి కావలసింది అదే.

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దూరప్రయాణానికి వాహనాన్ని సిద్ధం చేయడంలో బరువు లెక్కకు గల ప్రాధాన్యాన్ని వివరించండి.
2. ‘అవసరం ముందు, మార్పు వెనుక’ అన్న వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు నాలుగు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పొడి రోడ్డుపై నాలుగు చక్రాలకూ శక్తి ఎందుకు ఇవ్వరాదు?
2. ఇసుకలో టైరు గాలిని తగ్గించడం వల్ల కలిగే ప్రయోజనమేమి?
3. దిగబడిన బండిని లాగించేటప్పుడు పాటించవలసిన నియమాలేవి?

III. మీ ఊరినుండి నూరు కిలోమీటర్ల యాత్రకు వెంట తీసుకుపోవలసిన వస్తువుల జాబితాను, వాటి బరువులతో తయారుచేయండి. అందులో ఏ మూడింటిని వదలివేయవచ్చునో కారణాలతో రాయండి.